తూచి యిచ్చిన పని

మన మంగంపేటలో చిన్నబిడ్డకు సైతము కాటా యనిన నేమో తెలియును. గనినుండి ముగ్గురాయి నెత్తుకొని వచ్చు లారీ కాటా నెక్కి తన బరువు చూపించుకొని గాని బాట పట్టదు. మోయగలదానికి మించి యెత్తినచో ఇరుసు విరుగును. ఏమియు నెత్తక యేండ్ల తరబడి నిలిపినచో బండి తుప్పు పట్టును. ఈ రెండు నష్టములను కన్నులార చూచు నూరివారమే మనము. అయినను మన యిండ్లలోని దీర్ఘవ్యాధిగల బిడ్డల యెడ మాత్రము ఈ తూకమును మరచుచున్నామని మాకు తోచుచున్నది. ఒక యింట నట్టి బిడ్డకు చెంబెడు నీళ్లు తెచ్చు పనియైనను చెప్పరు. వేరొక యింట రోగమున్నదన్న సంగతియే మరచి యింటెడు చాకిరిని నెత్తిన వేయుదురు. ఈ రెండును తప్పులే యనియు, దీర్ఘవ్యాధిగల బిడ్డకు ఇంటిపనిలో తూచి యిచ్చిన పాలు తప్పక యుండవలయుననియు మా యభిప్రాయము.

దీర్ఘవ్యాధి యనగా నాలుగు దినములుండి పోవు జ్వరము గాదు. మొదటి రకపు మధుమేహము, ఉబ్బసము, మూర్ఛ, కీళ్లవాతపు జ్వరమువలన చెడిన గుండె, తలసేమియా, సికిల్ సెల్ మొదలగు రక్తవ్యాధులు, ఇవి యేండ్ల తరబడి, కొన్ని జీవితాంతము, బిడ్డతో గూడ నడచును. జ్వరమున బడిన బిడ్డను పండుకొనబెట్టుట ధర్మమే. దానినిగూర్చి వాదము లేదు. కాని జీవితమంతయు నుండు రోగమునకు జీవితమంతయు విశ్రాంతి యిచ్చుట యెట్లు? అట్టి విశ్రాంతి విశ్రాంతి గాదు, వెలి యగును.

మా యెరుకలోని యొక యింటి సంగతి చెప్పెదము. ఊరును పేరును అడుగవలదు. ఆ యింటి పిల్లవానికి పదవయేట మధుమేహము కనుపించెను. ఆసుపత్రినుండి వచ్చిన నాటినుండి తల్లి వానిని పని ముట్టనీయలేదు. అంతకుమున్ను వాడు కొళాయి నీళ్లు పట్టెడువాడు, దూడను కట్టెడువాడు, అంగడికి పోయి వచ్చెడువాడు. ఆ పనులన్నియు రెండేండ్లు పెద్దదియైన యక్క మీద బడినవి. ఆ బాలిక తెల్లవారకముందే లేచి కల్లాపి చల్లి, నీళ్లు పట్టి, అంట్లు తోమి, తలదువ్వుకొనుటకైన తీరిక లేక బడికి పరుగెత్తుచుండెను. తల్లి తమ్ముని పెద్దాసుపత్రికి తీసికొనిపోవు దినములలో బడియే లేదు. ఆ యింట రోగము ఒకరికి గాదు, ఇద్దరికి వచ్చెనని మేము గ్రహించుటకు చాల దినములు పట్టెను.

ఒకనాడు ఇంటికి వచ్చిన పెద్దమనిషి యొకరు, “నాయనా, మంచినీళ్లు తెమ్ము” అని వానినడిగిరట. తల్లి యడ్డుపడి, “వానిని లేపవద్దన్నా, వాడు జబ్బుమనిషి” అనెనట. మరునాడు బడి విడిచిన పిమ్మట ఆ పిల్లవాడు ఉపాధ్యాయుని చెంత నిలిచి, “అయ్యా, నేను మా యింటికి చుట్టమునా?” అని యడిగెను. చుట్టమునకు మర్యాద కలదు గాని హక్కు లేదు. ఇంటి కష్టములో పాలు లేనివానికి ఇంటి మాటలోను పాలు లేదని పదేండ్ల బిడ్డకు సైతము తెలియును.

తల్లిదండ్రుల పక్షమును మేము తేలికగా చూచుట లేదు. రాత్రి రెండు గంటలకు లేచి బిడ్డ నుదుట చెమట పట్టెనేమో యని తడిమి చూచిన తల్లికి భయపడకుమని చెప్పుట సులభము గాదు. “రోగపుబిడ్డచేత పని చేయించుచున్నారు” అని ఇరుగుపొరుగు లనెడు మాట ములుకువలె గ్రుచ్చుకొనును. అదియునుగాక బిడ్డను కూర్చుండబెట్టుట తల్లి చేతిలోని పని. రోగమును కుదుర్చుట ఆమె చేతిలో లేదు. చేతిలో నున్నదానినే మనుష్యులు గట్టిగా పట్టుకొందురు. ఇది ప్రేమయే. కాని ప్రేమకును లెక్క కావలయును.

పూర్వము వైద్యులే విశ్రాంతిని మందుగా నిచ్చిరి. మన రాయలసీమలోనే మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1912లో పలు మిషనులవారు కలసి మొదలుపెట్టిన క్షయరోగుల శానటోరియము ఉండెను. డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలరు దాని తొలి పెద్ద. క్షయకు మందు లేని యా దినములలో మంచిగాలి, మంచి తిండి, విశ్రాంతి యివియే చికిత్స. అయినను ఆ కాలముననే ఇంగ్లండులోని ఫ్రిమ్లీ శానటోరియమున డాక్టరు మార్కస్ పాటర్సన్ 1905 మొదలు రోగులకు పనిని మెట్లుమెట్లుగా నిచ్చి చూచెను. మొదట కొంత దూరము నడక, పిమ్మట చిన్నగంపతో మన్ను మోయుట, ఆ పిమ్మట చిన్నపార, పెద్దపార. జ్వరము పొడసూపినచో పని యాగును. ఆ పద్ధతికి ఆయన చెప్పిన కారణము తరువాతి శాస్త్రము నెదుట నిలువలేదు. కాని పనినిగూడ మందువలె కొలిచి యీయవచ్చునన్న యూహ మాత్రము నిలిచినది. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు గలవారికి నేటి వైద్యులు కొలిచి యిచ్చు వ్యాయామము ఆ జాతిదే.

పిదప క్షయకు మందులు వచ్చినవి. 1956లో మద్రాసున నెలకొల్పిన క్షయచికిత్సా పరిశోధన కేంద్రమువారు రోగులను రెండు తెగలుగా జేసి, ఒక తెగవారిని శానటోరియములోను మరియొక తెగవారిని వారివారి బీదయిండ్లలోను నుంచి, ఇరువురకును అవే మందుల నొక యేడు ఇచ్చి చూచిరి. ఇంటనున్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, తిరుగుడు ఎక్కువ. అయినను 1959లో ప్రకటించిన ఫలితములలో వారును శానటోరియమువారితో దాదాపు సమానముగనే బాగుపడిరి. కుదిర్చినది పడక గాదు, తప్పక మ్రింగిన మందు. ఇది క్షయకు సంబంధించిన నిదర్శనము. దీనిని అన్ని రోగములకును అతికింపరాదు. అయినను పడుకొనబెట్టుటయే చికిత్స యని మనము దేనిని నమ్ముదుమో అది యొక్కొకప్పుడు అలవాటు మాత్రమే కావచ్చునని యిది తెలుపుచున్నది.

మధుమేహము మాటయు నట్టిదే. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరమున లియొనార్డు థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి మొదట ఇన్సులిను సూది వేసిరి. అంతకు మున్ను ఈ రోగము వచ్చిన బిడ్డలు ఎక్కువకాలము బ్రదికెడువారు గారు. వారిని పండుకొనబెట్టినను, తిండి తగ్గించినను మరణము కొంత వెనుకకు పోయెడిది, అంతే. ఇన్సులిను వచ్చిన పిమ్మట బోస్టను నగరపు వైద్యుడు ఎలియట్ జాస్లిన్, ఆహారము, ఇన్సులిను, వ్యాయామము అను మూడింటిని ఒకే రథమును లాగు మూడు గుఱ్ఱములతో పోల్చెను. రోగియే తన చికిత్స నేర్చి నడుపుకొనవలెనని యాయన బోధ. మనము మన బిడ్డను ఆ రథముపై మూటవలె కూర్చుండబెట్టి, పగ్గము లన్నియు మనమే పట్టుకొనుచున్నాము. ఆ బిడ్డ పెద్దవాడై మనము లేని దినము వచ్చినపుడు పగ్గము పట్టుట వానికెవరు నేర్పుదురు?

ఇందు కొక చిన్న యుదాహరణము. మన సీమలో వేసవి యెండ నలువది డిగ్రీలు దాటును. ఆ వేడిమికి ఇన్సులిను చెడును. శీతలపు పెట్టె లేని యిండ్లలోను, కరెంటు పోవు పల్లెలలోను మట్టికుండయే దిక్కు. పెద్దకుండలో ఇసుక పోసి, దాని నడుమ మూతగల చిన్నకుండ నుంచి, మందుసీసా తడియకుండ సంచిలో చుట్టి యందు పెట్టి, ఇసుకను ఉదయము సాయంకాలము నీటితో తడిపి నీడన నుంచినచో, నీరు ఆవిరియగుచు లోపల చల్లబరచును. ఆ యిసుకకు నీళ్లు పోయు పని యెవరిది? ఆ బిడ్డదే కావలయునని మేమందుము. తల్లి దినమున కొకసారి చూచిన చాలును. తన ప్రాణము నిలుపు మందును తానే కాచుకొనుట కంటె మేలైన యింటిపని యేది?

ఇక తూకము సంగతి. ఏ బిడ్డకు ఎంత పని యనునది మొదట వైద్యుని నడిగి తెలిసికొనవలయును. మందులచీటీతోబాటు, “వీడు ఏ పని చేయవచ్చును, ఏది కూడదు?” అని యడుగుట మనలో నలవాటు లేదు. ఇకనైనను అలవరచుకొందము. అడిగినచో తెలియు కొన్ని సంగతులను మాత్రమిచట వ్రాయుచున్నాము.

మధుమేహము గల బిడ్డకు శ్రమచేత రక్తములోని చక్కెర తగ్గును. కావున నీళ్లు మోయుట వంటి పని తిండికి ముందు గాక తిండి పిమ్మట నుండవలయును. చక్కెర గాని గ్లూకోజు గాని జేబులో నుండవలయును. వణకు, చెమట, తల తిరుగుట, మాట తడబడుట కనబడినచో పని యచ్చటనే విడిచి, మూడు చెంచాల చక్కెర తిని, పావుగంట కూర్చుండి, మరల పరీక్షించుకొనవలయును. స్పృహ తప్పిన బిడ్డ నోట ఏమియు పోయరాదు, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలయును.

ఉబ్బసము గల బిడ్డకు దుమ్మును పొగయును శత్రువులు. రాతిపొడి ఎగురు మన యూర ఈ మాట మరింత నిజము. మన ముగ్గురాతిని శుద్ధిచేసిన పొడినే వైద్యులు కడుపులోని జాడ్యమును ఎక్సురేలో చూచుటకై రోగులచే త్రాగింతురు; అచట నది యుపకారి. అదియే గాలిలో దుమ్మై ఊపిరిని జొచ్చినచో అపకారి. వస్తువు ఒకటే, చోటు వేరు. పనియు నట్టిదే. ఆ బిడ్డచేత పొడినేల చిమ్మింపరాదు, కట్టెల పొయ్యి నూదింపరాదు, చేటతో ధాన్యము చెరిగింపరాదు. తడిగుడ్డతో తుడుచుట, కూరలు కడిగి తరుగుట, చెట్లకు నీళ్లు పోయుట మొదలగు పనులు చెప్పవచ్చును.

మూర్ఛగల బిడ్డను బావి, చెరువు, మిద్దె, పొయ్యి, కత్తిపీట, కొడవలి వీనికి దూరముగా నుంచవలయును. బట్టలు మడతపెట్టుట, వేరుసెనగకాయ లొలుచుట, అంగడి లెక్క వ్రాయుట వానికి తగును. రక్తము తక్కువగు తలసేమియా బిడ్డ రక్తమెక్కించుకొను దినము సమీపించినకొలది యలయును. ఆ దినములలో పని తగ్గింపవలయును. సికిల్ సెల్ గల బిడ్డకు మండుటెండయు, చన్నీట నానుటయు, మితిమీరిన శ్రమయు నొప్పిని రప్పించును. నీళ్లు మాత్రము తరచుగా త్రాగుచుండవలయును. గుండెజబ్బు గలవారిలో కొందరు అందరివలె పరుగెత్తగలరు, కొందరు మెట్లెక్కలేరు. వారి విషయమున వైద్యుని మాటయే కాటా.

పని చిన్నదైనను నిజమైనది కావలయును. ఊరక పొద్దు పుచ్చుటకై కల్పించిన పనిని బిడ్డ యిట్టే కనిపెట్టును. తాను చేయనిచో ఇంట ఏదో యొకటి నిలిచిపోవునని తెలిసిన పనియే వానిని నిలబెట్టును. ఆ పని వాని పేర నుండవలయును, మరియొకరు లాగికొనరాదు. దానిని శిక్షగా నీయరాదు. చేసినందులకు రోగిని పొగడినట్లు పొగడనుగూడదు. అక్కకు చెప్పినట్లే వానికిని “మంచిది” యని చెప్పిన చాలును.

ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. బిడ్డ, “ఈ దినము నాచేత గాదు” అనినపుడు నమ్మవలయును. దీర్ఘవ్యాధికి మంచి దినములును చెడు దినములును కలవు. అవి ముఖమున వ్రాసియుండవు. నిన్న నాడుకొనిన బిడ్డ నేడు లేవలేకపోవచ్చును. “ఆటకు లేని జబ్బు పనికి వచ్చెనా?” అను మాట మన యిండ్లలో విననివారు లేరు. ఆ యొక్క మాట బిడ్డను అబద్ధమునకో మొండితనమునకో త్రోయును. నమ్మినచో బిడ్డ యెప్పుడైన మోసపుచ్చడా యందురేని, మోసపుచ్చవచ్చును. ఆరోగ్యముగల బిడ్డలును మోసపుత్తురు. నమ్మి పదిమార్లు మోసపోయినను నష్టము కొన్ని తోమని గిన్నెలు మాత్రమే. నమ్మక యొకమారు పొరబడినచో నష్టమేమో చెప్పనక్కరలేదు.

రెండవ తప్పునుగూర్చి చెప్పక విడువరాదు. పని మానిపింపబడిన రోగులలో మగబిడ్డలే యెక్కువ. పని తప్పని రోగులలో ఆడుబిడ్డలే యెక్కువ. ఉబ్బసముతో రొప్పుచు పొయ్యి యూదు బాలికను మనము చూడలేదా? రక్తము లేక పాలిపోయిన పిల్ల చంకను బిందె నెత్తుకొని పోవుచుండగా, ఆమె కంటె బలశాలియగు నన్న అరుగుమీద కూర్చుండియుండుట చూడలేదా? అట్టి యింట మేము చెప్పు తూకము పని పెంచుటకు గాదు, తగ్గించుటకు. ఇంకొక మాట. ఇంటిపని వేరు, కూలిపని వేరు. పదునాలుగేండ్ల లోపు బిడ్డను ఏ కొలువునను బెట్టరాదని 2016లో సవరించిన చట్టము చెప్పుచున్నది. బడి విడిచిన వేళ ఇంటివారికి తోడుపడుటను అది యొప్పుకొన్నది. గనులును రాతిమిల్లులును ఏ బిడ్డకును తగిన చోటులు గావు. మా మాటను అట్టివానికి ఆధారము చేసికొనువారు మమ్ము అపార్థము చేసికొన్నవారే.

బడికిని ఈ విషయమున బాధ్యత కలదు. రోగమున్న విద్యార్థిని గంట కొట్టుటకు గాని, పూలమొక్కలకు నీళ్లు పోయుటకు గాని, తరగతి పుస్తకములు పంచుటకు గాని పిలువక విడుచుట దయయని మేమును అనుకొంటిమి. ఆ పిల్లవాడు “నేను చుట్టమునా?” యని యడిగినపుడు ఆ ప్రశ్న తల్లికి మాత్రమే గాదు, మాకును తగిలెను. ఉపాధ్యాయులు ఆ బిడ్డల పనివంతులను తప్పింపక, వారికి తగినట్లు మార్చవలయును. సూది వేసికొనుటకును, వేళకు తినుటకును, మందు పీల్చుటకును సిగ్గుపడని చోటు చూపవలయును.

ఆ యింటి సంగతి ముగింపక విడిచితిమి. ఉపాధ్యాయుడు పోయి మాటలాడిన పిమ్మట ఆ పిల్లవానికి మూడు పనులు తిరిగి వచ్చినవి: ఇన్సులిను కుండ, కొళాయి నీళ్లు, సాయంకాలము దూడ. మొదటి వారముననే యొకనాడు నీళ్లు మోయుచు వాడు వణకి కూలబడెను. చక్కెర నోట వేసికొని తేరుకొనెను. తల్లి యేడ్చుచు, ఇక పని వద్దనెను. తండ్రి కొంతసేపు ఊరకుండి, “పని మానిపింపవలదు. సంగటి తిన్న పిమ్మట నీళ్లు పట్టనిమ్ము” అనెను. తూకమనగా నిదియే. బరువు ఎక్కువైనచో లారీని తగులబెట్టము. కొంత దింపి మరల తూచుదుము. రోగము పోలేదు, వాడు నేటికిని సూదులు వేసికొనుచున్నాడు. కాని యక్క సాయంకాలము దీపము చెంత కూర్చుండి చదువుకొనుచున్నది. తల్లి ఆసుపత్రికి పోవు దినములలోను బడికి వచ్చుచున్నది. ఒకరి పాలు ఒకరికి తిరిగి వచ్చినది.

విద్యార్థులారా! మీలో ఆరోగ్యముగలవారు రోగముగల తోడబుట్టువుపై నసూయపడకుడు, జాలియు పడకుడు, పనిలో చోటిండు. రోగముగలవారు, చేతనైన దినమున చేతగాదనకుడు, చేతగాని దినమున సిగ్గుపడకుడు. అపొస్తలుడైన పౌలు తన శరీరమున ముల్లువంటి బాధ యొకటి కలదని తానే వ్రాసికొనెను. అది తొలగవలెనని ప్రార్థించినను తొలగలేదు. అయినను ఆయన గుడారములు కుట్టి తన చేతులతో సంపాదించుకొని బ్రదికెను. ముల్లు పోయిన పిమ్మట పని చేయుదునని యాయన కూర్చుండియున్నచో ఎప్పటికిని కూర్చుండియే యుండును.

తల్లిదండ్రులారా! ఈ సాయంకాలము మీ బిడ్డను చెంతకు పిలిచి, “మన యింట నీవు చేయగల పని యేది?” అని యడుగుడు. మీరు కాదు, వానినే చెప్పనిండు. వాడు చెప్పిన పనిని వైద్యుని మాటతో తూచి యిండు. దేవుడు మీకును వానికిని అందులకు తగిన బలము ననుగ్రహించుగాక.